పదిహేడో నంబరు ఒంటె

ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. హన్మంతు చివరి ట్యాబ్ అద్దాన్ని కూడా మెత్తటి గుడ్డతో తుడిచి, ఛార్జింగ్ పెట్టెలో దాని అరలోకి జార్చాడు. అల్ ఖూజ్‌లోని ఆ గోదాములో పొద్దున్నే ఏసీ రొద తప్ప ఇంకో అలికిడి ఉండదు. కుడి మోకాలి మీద బరువు పడకుండా ఎడమ కాలి మీద ఒరిగి నిలబడటం అతనికి పదకొండేళ్ల అలవాటు. ఏమనుకున్నాడో, పదిహేడో ట్యాబ్‌ను మళ్లీ బయటికి తీసి ఇంకోసారి తుడిచాడు.

యాభై రెండేళ్ల మనిషి. పొట్టిగా, నల్లగా, భుజాల దగ్గర కాస్త వంగి ఉంటాడు. అరచేతుల్ని సిమెంటు ఎప్పుడో తినేసింది. దుబాయ్ వచ్చి ఇరవై ఆరేళ్లు. పదిహేనేళ్లు తట్టలు మోశాడు, మోకాలు పోయాక ఈ సర్వే కంపెనీలో హెల్పరయ్యాడు. అంతే. చెప్పుకోడానికి పెద్ద కథేం లేదు.

లేబర్ క్యాంపుల్లోని పాతికేళ్లలోపు కుర్రాళ్ల చేత ఒంటె ఆట ఆడించడం ఆ కంపెనీ పని. ఒంటె ఎడారి దాటాలి. దారిలో ప్రశ్నలొస్తాయి: నిద్ర పడుతోందా, సిగరెట్టు తాగుతావా, గుండె దడదడలాడుతుందా, బతకాలనిపించని రోజులున్నాయా. జవాబుకి నాలుగు ముఖాలు: నవ్వేది, మామూలుది, ముడుచుకున్నది, ఏడ్చేది. ఏదో ఒకటి నొక్కితే ఒంటెకు ఒక గుక్క నీళ్లు. ఎడారి దాటినవాడికి బిర్యానీ పొట్లం. కాగితం చేతికిచ్చి అడిగితే ఎవడు చెబుతాడు ఇలాంటివి? ఆటలో పెడితే చెబుతారని పెద్ద చదువులవాళ్లు కనిపెట్టారు. బాగానే కనిపెట్టారు గానీ, ఆ ఆటలో హిందీ ఉంది, ఇంగ్లీషుంది, మలయాళం కూడా ఉంది. తెలుగు మాత్రం లేదు.

మూడు వారాల కింద సజ్జా క్యాంపులో పదిహేడో ట్యాబ్ రాజశేఖర్ చేతికొచ్చింది. జగిత్యాల వైపు పిల్లవాడు, ఇరవై రెండేళ్లు, మీసం ఇంకా సరిగ్గా కుదురుకోలేదు. ఒంటెకు నల్లరంగు ఎంచుకుని మెడలో గంట కట్టాడు. "మా బర్రె లెక్కనే ఉన్నది కాకా" అని నవ్వాడు కూడా. హిందీ అక్షరాలు రాక హన్మంతును దగ్గరికి పిలిచాడు. హెల్పరు ఆరడుగుల దూరంలో ఉండాలని రూలు. అయినా తమ వైపు పిల్లవాడాయె, ఎట్లా కాదంటాడు? సైట్లలో నోటీసులు చదివి నేర్చుకున్న హిందీతో, పక్కన కూర్చుని ఒక్కొక్కటే చెప్పాడు.

"నిద్ర పడ్తుందా అని అడుగుతుంది."

"పడ్తలేదు కాకా. నెల దాటింది."

"బతకబుద్ధి కాని దినాలున్నయా అంటుంది."

రాజశేఖర్ వేలు ఏడుపు ముఖం మీదికి పోయింది. "దినాం గట్లనే ఉంటుంది."

హన్మంతు గబుక్కున ఆ వేలు పట్టుకున్నాడు. "పాగల్ గానివా? గది ఒత్తితే మెడికల్ల అన్‌ఫిట్ రాస్తరు. టికెట్ చేతిల వెట్టి పంపిస్తరు."

"నిజం చెప్తే తప్పా కాకా?"

"ఈడ నిజం చెప్పి బాగుపడ్డోడు లేడు బిడ్డా." అంటూనే ఆ వేలిని తీసుకెళ్లి నవ్వు ముఖం మీద ఆనించాడు. ఒంటె గటగటా నీళ్లు తాగింది.

కడుపులో విషం ఉండి చేసింది కాదది. తనతోపాటు విమానం దిగిన మనిషికి ఎక్స్‌రేలో మచ్చ కనబడితే, వారం తిరక్కుండా వెనక్కి పంపేశారు. ఆనాటి నుంచీ హన్మంతుది ఒకటే మాట: అంత మంచిగనే ఉన్న. మోకాలి చిప్ప పగిలిన రోజున ఫోన్లో భార్య ఐలవ్వకు అదే చెప్పాడు. తండ్రి పోయిన మర్నాడు ఫోర్‌మన్‌కూ అదే చెప్పాడు. చెప్పగా చెప్పగా లోపల నొప్పి ఎక్కడుందో అతనికే తెలియకుండా పోయింది.

ఆరోజు తిరుగు వ్యానులో, సర్వే నడిపించే శ్రీసుధ మేడం మాటల్లో అసలు సంగతి చెప్పింది. ఏ జవాబు ఎవరిదో కంపెనీకి పేరు తెలియదట, నంబరే ఉంటుందట. ఏడుపు ముఖం నొక్కితే తెర మీద తలుపు తెరుచుకుంటుందట. పక్క గదిలో డాక్టరమ్మ ఉందని చెబుతుందట. "పాపం ఆవిడ పొద్దున్నుంచీ టీలు తాగుతూ కూర్చుందండీ. ఒక్కరూ వెళ్లలేదు" అంది. రాజశేఖర్‌కి ఆ మాట చెప్పడానికి హన్మంతు సెలవునాడు సజ్జా వెళ్లొద్దామనుకున్నాడు. రెండు బస్సులు మారాలి, మోకాలు సహకరించదు. మూడు వారాలకి అక్కడే ఆట రెండో విడత వస్తుంది కదా అని సరిపెట్టుకున్నాడు.

ఆ రెండో విడత ఇవాళే. వ్యానులో సజ్జా దాకా పెదవుల మీదే అప్పజెప్పుకున్నాడు: ఏడ్చేదే ఒత్తు బిడ్డా, డాక్టరమ్మ కాడికి నేను తీస్కపోత.

మెస్ హాల్లో కుర్రాళ్లు వరసగా వచ్చి ఎవరి ట్యాబ్ వాళ్లు తీసుకున్నారు. పదహారు వచ్చాడు. పద్దెనిమిది వచ్చాడు. హన్మంతు పదిహేడును చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నలభయ్యోవాడు కూడా ఆట మొదలుపెట్టాక శ్రీసుధ లిస్టు చూసి, పదిహేడో నంబరు కుర్రాడు ఎక్కడని క్యాంప్ బాస్ ఖాజాను అడిగింది.

"వో లడ్కా? ఖలాస్, మేడం. గుజర్ గయా."

పోయిన వారం తనంతట తనే ప్రాణం తీసుకున్నాడట. శవాన్ని మొన్న ఊరికి పంపించారు. ఆ మంచం మీద నిన్ననే కొత్తవాడు దిగాడు.

శ్రీసుధ ట్యాబ్ తీసుకుని పాత జవాబులు తెరిచింది. "అన్నీ నవ్వు ముఖాలేనండీ. ఒక్కటి... ఒక్క ఏడుపు ముఖం నొక్కి ఉన్నా డాక్టరు పక్క గదిలోనే కదా." అతనివైపు తిరిగింది. "హన్మంతుగారూ, మీ వైపు అబ్బాయే కదా. మీకేమైనా చెప్పాడా?"

హన్మంతు నోరు తెరిచాడు. "అంత మంచిగనే ఉన్ననన్నడు మేడం."

ఆ ముక్క నాలుక మీదికి దానంతటదే వచ్చేసింది. నేనే చంపిన అని ఆ తర్వాత అనుకున్నాడు. అలా అనుకున్నాక ఏడుపు రావాలి. రాలేదు. మిగిలిపోయిన నలభయ్యో పొట్లాన్ని ఖాజా తెచ్చి "ఖావో చాచా" అని చేతిలో పెట్టాడు. ఆకలేసింది, తిన్నాడు. ఉప్పు తక్కువైందని తెలిసినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

సాయంత్రం గోదాములో మళ్లీ గుడ్డ పట్టుకున్నాడు. పదిహేడును ఆఖరికి మిగిల్చాడు. తుడుస్తుంటే తెర వెలిగి, ఈ వారం ఎలా ఉన్నావని హిందీలో అడిగింది. హన్మంతు అటూ ఇటూ చూశాడు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఏడుపు ముఖం మీద వేలు పెట్టి, గట్టిగా నొక్కాడు. తెర మీద తలుపు తెరుచుకుంది. పక్క గదిలో మీకోసం ఒకరున్నారని రాసి ఉంది. గోదాముకి పక్క గది లేదు. ట్యాబ్‌ను అరలో పెట్టి, లైటార్పి, కుంటుకుంటూ కంపెనీ బస్సు వైపు నడిచాడు.

పదిహేడో అరలో, మెడలో గంటతో, నల్ల ఒంటె ఆ తెరిచిన తలుపు ముందే నిలబడి ఉంది.