పప్పు మీద ఫిర్యాదు

మా ఓడ అరబ్బు దేశంలో, మత్రా రేవులో కట్టి ఉంది. రేవు గేటు దాకా నడిస్తే ఒక బీడీ కాలేంత దూరం. బుధవారం మధ్యాహ్నం ఆ గేటు దగ్గరికి మా సునీత వస్తుంది. ఇక్కడికి దగ్గర్లోనే సీబ్ అనే ఊళ్ళో ఒక అరబ్బు ఇంట్లో పనిచేస్తోంది నా కూతురు. దాని ముఖం చూసి మూడేళ్ళయింది. ఆ ఇంటి డ్రైవర్ సరుకుల కోసం హమ్రియా బజారుకి వెళ్తూ దాన్ని గేటు దగ్గర దించి, తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటానన్నాడట. ఆ సాయంత్రమే మా ఓడ బయల్దేరుతుంది.

నేను దిగడానికి లేదు. దుబాయ్‌లో ఇద్దరు కళాసీలు ఒడ్డుకి దిగి మళ్ళీ రాలేదు. పోయినవాళ్ళు పోయారు. ఉన్నవాళ్ళం ఒడ్డుకి దిగడానికి చూపించాల్సిన పాసులన్నీ కెప్టెన్ బీరువాలోకి వెళ్ళాయి.

వెళ్ళి అడిగాను. "ఒప్పందం మీద నీ వేలిముద్ర ఉందా లేదా?" అన్నాడు కెప్టెన్.

ఉంది. నాకు సంతకం వచ్చు, ఐదో క్లాసు దాకా చదివాను. అయినా బొంబాయిలో గుమస్తా నా బొటనవేలే పట్టుకుని నొక్కాడు, కళాసీలకి అదే పద్ధతన్నాడు. అనుమతి లేకుండా దిగినవాడు పారిపోయినవాడి కిందే లెక్క అని గబగబా చదివేశాడు. దొరల కాలంలో మా తాత కోరంగి నుంచి రంగూన్ ఓడలెక్కినప్పుడూ ఇదే చదివారు. దొరలు పోయారు, చట్టానికి కొత్త పేరు పెట్టారు. కళాసి మాత్రం ఇంకా పారిపోయేవాడే.

ఆ కోపమంతా డెక్కు మీద తుప్పు గోకడంలో చూపిస్తుంటే ఖాదర్‌వలి వచ్చాడు. మా కళాసీలందరికీ పెద్ద, సారంగు. మాది కోరంగి, ఆయనది కాకినాడ.

"ఏరా అంజీ, ఆ రేకేం చేసింది నిన్ను? చిల్లు పడుద్ది."

"పడనీ మామా. మునిగితే అయినా ఒడ్డుకి చేరుస్తారు."

ఆయన పక్కన గొంతుక్కూచున్నాడు. "ఓ దారుంది. తిండి బాలేదని ముగ్గురు కలిసి చెబితే, ఈ ఊళ్ళో ఉండే మన సర్కారు అధికారికి మొరపెట్టుకోడానికి కెప్టెన్ ఒడ్డుకి పంపాల్సిందే, దారి ఆ గేటు మీదుగానే. దొరలు రాసిందే అది కూడా. ఆపితే తప్పు ఆయన నెత్తి మీద పడుద్ది."

"దొరలు మనకోసం రాశారా?"

"ఆకలేసిన కళాసి ఓడ నడపలేడని రాశారు. ఎందుకు రాస్తే నీకెందుకురా, దిగుతావా లేదా?"

అబద్ధం ఆడనక్కర్లేదు. బియ్యంలో పురుగులు, ఎంతసేపు ఉడికించినా పలుకుగా ఉండే పప్పు, రంగుల గది వాసనొచ్చే నెయ్యి. కళాసికి ఎంత బియ్యం, ఎంత నెయ్యి, ఎంత చింతపండు ఇవ్వాలో మా తాత ఎక్కంలా అప్పజెప్పేవాడు. కూతుర్ని చూడ్డానికి ఎంతసేపివ్వాలో అందులో లేదు.

నేను, సారంగు, ఇంజను గదిలో నూనె పెట్టే అక్బర్, ముగ్గురం వెళ్ళి చెప్పాం. కెప్టెన్ ముఖం మాడింది. తర్వాత ఎందుకో నవ్వాడు. "సరే, రేపు పదకొండింటికి" అన్నాడు.

మా వంటవాడు పోచన్నకి మాత్రం కష్టమనిపించింది. కరీంనగర్ మనిషి. బొంబాయిలో మిల్లు మూతపడ్డాక ఓడెక్కాడు.

"మిల్లు కాంటీన్ల అన్నేండ్లు వండిన. పప్పు బాగలేదని ఒక్కడన్నడా?"

"పప్పు బాలేదన్నాం పోచన్నా, నీ చెయ్యి బాలేదన్లేదు."

"తినేటోనికి రెండూ ఒకటే గదనే" అని గిన్నెలు చప్పుడు చేశాడు.

బుధవారం గడ్డం గీసుకుని, పరుపు కింద మడత పెట్టిన చొక్కా తొడుక్కుని నిచ్చెన దగ్గర నిలబడ్డాను. రేవులో మా ఓడ పనులు చూసే ఏజెంటు కారు వచ్చి ఆగింది. నేను మెట్టు మీద కాలు పెట్టేలోగా కారులోంచి సంచీతో ఒకాయన దిగి పైకి ఎక్కి వచ్చాడు. మన సర్కారు అధికారి.

"నువ్వెక్కడికి? సారే వచ్చారు, రుచి చూడ్డానికి" అన్నాడు కెప్టెన్.

అధికారి ఓడకే వచ్చి తిండి పరీక్ష చేయొచ్చనేది ఆ చట్టంలోనే ఇంకో ముక్కట. సారంగు నావైపు చూడలేదు.

భోజనాల గదిలోకి వెళ్ళేసరికి ఘుమఘుమ. పోచన్న పొద్దుటినుంచీ పురుగులేరి అన్నం వండాడు. పప్పు నానబెట్టి, వెన్నలా మెదిపి, తను దాచుకున్న నెయ్యి పోశాడు. పక్క పడవవాళ్ళని అడిగి తెచ్చిన వంజరంతో పులుసు పెట్టాడు. అధికారి రెండోసారి వడ్డించుకున్నాడు.

"బాగుందే. ఇంకేమైనా చెప్పుకునేదుందా?"

"మా అమ్మాయి గేటు దగ్గరుంది సార్."

ఆయన తినడం ఆపాడు. కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ దుబాయ్ సంగతి చెప్పాడు. "పాసుల విషయంలో నేను చెప్పడానికి లేదయ్యా" అన్నాడు అధికారి, నిజంగానే బాధపడుతూ. ఫిర్యాదుకి తగిన కారణం లేదని రాసి వెళ్ళాడు.

నేను వంటగదిలోకి వెళ్ళాను. "ఎందుకు చేశావిలా?"

"కెప్టెన్ సారు పిలిచి, సర్కారు సారు మన ఓడల తింటడని చెప్పిండు. ఇంటికొచ్చిన మనిషికి పురుగుల బువ్వ పెడ్తనా అన్నా?"

"పెట్టాలి. అందుకే కదా ఆయన్ని పిలిచింది."

పోచన్న చేతిలో గరిటె కింద పెట్టాడు. అంతదాకా ఆ మాట అతనికి తట్టనేలేదు. తర్వాత మిగిలిన అన్నం, పప్పు, పులుసు కారియర్లో సర్ది, ఏజెంటు మనిషి రియాజ్ చేతికిచ్చి సునీత కోసం గేటుకి పంపాడు.

రియాజ్‌ది కడప. తిరిగొచ్చాక నేనడక్కుండానే చెప్పాడు.

"ఆడనే నీడలో నిలబడి తినింది అంజన్నా. నాయన ఏల రాలేదంటే డ్యూటీ అని చెప్పినా. ఓడలో ఇంత మంచి తిండా, అయితే నాయన బాగుండాడులే అని నగింది. అంతలో డ్రైవర్ వచ్చినాడు."

కారియర్ ఖాళీగా రాలేదు. పై గిన్నెలో హల్వా ఉంది.

సాయంత్రం తాళ్ళు విప్పమన్నారు. వెనక తాడు విప్పేది నేనే. విప్పాను.

భోజనానికి కూర్చుంటే పప్పు మళ్ళీ పలుకుగానే ఉంది, అన్నంలో పురుగు కనబడింది. పోచన్న వడ్డించి పక్కనే నిలబడ్డాడు, తిడతానేమోనని. పురుగు పక్కకి తీసి తిన్నాను.