వెనక సీటు

దొరస్వామి బండి తోలితే వెనక కూర్చున్నవాళ్లు హాయిగా కునుకు తీయవచ్చని ఊళ్లో ఒకప్పుడు పేరు. ఆయన కూతురు లోహిత మాత్రం కొన్ని నెలలుగా ఆ వెనక సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటోంది.

లోహితకు శ్రీ సిటీ ఫ్యాక్టరీలో ఉద్యోగం. కంపెనీ బస్సు ఏర్పేడు మెయిన్ రోడ్డు మీదే ఎక్కించుకుంటుంది. పొద్దుటి షిఫ్టు కాబట్టి మసక చీకట్లోనే ఊరి నుంచి బయలుదేరాలి. మధ్యలో ఉన్న మట్టిరోడ్డు గురించి మాట్లాడకపోవడమే మర్యాద. ఆ రోడ్డు మీద కూతుర్ని దించి వచ్చే పని దొరస్వామి ఎవరికీ ఇవ్వడు. వేరుశనగ మూటలూ, చెరుకు కట్టలూ, ఒకసారి ఈనబోతున్న మేకనూ మోసిన మోపెడ్డు ఆయనది. దానిమీద కూర్చుంటే చాలు, ఆయన మీసం దానంతటదే పైకి లేచేది.

మొదట ఒకరోజు దారికి అడ్డంగా పడుకున్న బర్రె ఆయనకు కనపడలేదు. లోహిత కేక వేయబట్టి సరిపోయింది.

"నల్ల బర్రె, నల్ల చీకటి. ఎవురికి కనపడతాది పాపా?" అన్నాడు. నిజమే కదా అనుకుంది లోహిత. వారం తిరక్కుండానే తెల్లావు కూడా కనపడలేదు.

అప్పటినుంచి ఆమె ఒక కొత్త విద్య పట్టింది. కబుర్లు చెబుతున్నట్టే దారి చెప్పేది. "నాయనా, ఆ గుంత ఇంకా పూడ్చనే లేదు సూడు." "ఎదురుగా వచ్చేది ఏకాంబరం మామ ట్రాక్టరు మాదిరి ఉండాదే!" ఆయన "ఊ" అని బండిని పక్కకు తీసేవాడు. నీకు కళ్లు ఆనడం లేదు నాయనా అనే మాటకు మాత్రం ఆమె నోరు పెగిలేది కాదు. ఆయన్ని బండి తోలొద్దంటే కాళ్లూ చేతులూ కట్టేసినట్టే. అలాగని ఊరుకుంటే ఏదో ఒక పొద్దున ఇద్దరూ ఆ ట్రాక్టరు కింద తేలతారు. మింగలేక కక్కలేక నలిగిపోయింది పిల్ల.

చివరికి కరెంటు బండి ఉపాయం తట్టింది. తనతో పనిచేసే స్టెల్లా ఆదివారం మధ్యాహ్నాలు చర్చి పక్క మైదానంలో తన బండి ఇచ్చి తోలడం నేర్పింది. ఇంట్లో మాత్రం లోహిత "కొత్త బండి కొందాం నాయనా, పెట్రోలు బాధ తప్పతాది" అని ఊరుకుంది. బండి వచ్చాక ఎలాగో ఒకలా దాన్ని తన చేతికి తెచ్చుకోవచ్చులే అని ఆశ.

తల్లి మునిలక్ష్మికి ఇదంతా తెలుసు. "మీ నాయనకు చెప్పేదానికంటే ఆ బర్రెకు చెప్పేది సులువు మే" అని తన వంతు ధైర్యం చెప్పింది. ఆమె బాధ వేరే. కూతుర్ని దించి రావడానికి మొగుడికి పొద్దెక్కిందాకా పడుతోంది, ఏర్పేడు టీ అంగట్లో కూర్చుని లోకాన్ని ఉద్ధరిస్తున్నాడని ఆమె గొణుగుడు.

సెలవు రోజున తండ్రీ కూతుళ్లు బస్సెక్కి శ్రీకాళహస్తిలో బండ్ల అంగడికి వెళ్లారు. అక్కడ పనిచేసే మునిప్రసాద్ ఎదురొచ్చి, "ఏం అవసరానికి కావాల మా?" అని అడిగాడు. లోహిత అన్నీ ముందే అనుకుని వచ్చింది. గతుకుల రోడ్డు కాబట్టి చక్రాలు పెద్దవి కావాలి. తను పొట్టి కాబట్టి, ఆ మాట పైకి అనకపోయినా, సీటు ఎత్తు ఉండకూడదు. బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టి ఛార్జింగ్ చేసుకునేలా ఉండాలి. ఏర్పేడు పోయి, బస్సు కాడ నిలిపి, తిరిగి రావడానికి ఛార్జింగ్ చాలాలి, అంతే. వేగంతో పనిలేదు.

దొరస్వామి అవేవీ పట్టించుకోలేదు. ప్రతి బండికీ వెనక్కు వెళ్లి నిలబడ్డాడు. వెనక సీటును పిడికిలితో నొక్కి చూశాడు.

"పట్టుకునేదానికి ఈడ కమ్మీ ఉండాదా అబ్బా? కాళ్లు యాడ పెట్టాల?"

లోహిత గుండెలో రాయి పడింది. కూతురు వెనక సుఖంగా కూర్చోవాలని చూస్తున్నాడు. అంటే ముందు కూర్చునేది ఆయనే. ఇంత ఉపాయమూ బూడిదలో పోసిన పన్నీరే.

మునిప్రసాద్ మెరిసిపోయే నల్ల బండి ఒకటి చూపించాడు. "మీ మీసానికి తగిన బండి పెద్దాయనా. తోలితే గాలిలో పోయినట్టే!"

"వెనక సీటు పీటంత కూడా లేదే. ఈడ కూచునేది మనిషా, పిల్లిపిల్లా?" అని దొరస్వామి ముందుకు కదిలాడు.

మూలన బూడిద రంగు బండి ఒకటి ఉంది. అందం చందం లేదుగానీ లోహిత కోరినవన్నీ దానికున్నాయి. వెనక సీటు వెడల్పు, పక్కన కమ్మీ. దొరస్వామి దానిమీద చరిచి, "ఇది" అన్నాడు. మునిప్రసాద్ తోలి చూడమని తాళం ఆయన చేతికే ఇచ్చాడు. సాయంత్రపు బజారు నిండా జనం, ఆటోలు. ఇక దాచి లాభం లేదని లోహిత నోరు తెరిచింది.

"నాయనా, నీకు..."

ఆయన తాళాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు. "ఎక్కు పాపా. కాళ్లు నేలకు ఆనతాయా సూడు." ఆమె ఎక్కింది. రెండు పాదాలూ నిండుగా ఆనాయి. ఆయన వెనక ఎక్కి సర్దుకుని కమ్మీ పట్టుకున్నాడు. "నాకూ బాగుండాది. పోనీ."

లోహిత వెనక్కు తిరిగింది. "నేను తోలతానని నీకెట్ల తెలుసు?"

"చర్చి కాడ గిరగిరా తిరగతా ఉంటే ఊరంతా చెప్పినారు. చూపు తగ్గిందిగానీ చెవులకేం రోగం లే."

"మరి చూపు సంగతి నాకెందుకు చెప్పలే నాయనా?"

"నేను తోలనంటే నిన్ను బస్సు కాడికి ఎవురు దించేది? నీ ఉజ్జోగం పోతాదని నోరు మూసుకున్నా." గొంతు తగ్గించాడు. "పోయేటప్పుడు గుంతలు నువ్వు చెప్తా ఉంటివి. తిరిగొచ్చేటప్పుడు చెప్పేవాళ్లు లేరు కదా. రోజూ తోసుకుంటానే వచ్చినా."

లోహిత కళ్లముందు ఎండలో మోపెడ్డు తోసుకుంటూ వచ్చే తండ్రి కనిపించాడు. టీ అంగడీ లేదు, లోకోద్ధరణా లేదు. ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే గుండెల మీంచి బండ దిగినట్టు ప్రాణం తేలికపడింది. ఇక ఎవరూ ఎవరికీ ఏదీ దాచనక్కర్లేదు.

"రేపు కంటి ఆస్పత్రికి పోదాం."

"పోదాం. తోలేదానికి నువ్వుండావు గదా."

బండి చప్పుడు లేకుండా కదిలింది. బజారు దాటి సందులోకి తిరిగేసరికి బండి లోహిత చేతికి లొంగింది. వెనకనుంచి దొరస్వామి గట్టిగా కేక వేశాడు.

"పాపా, గుంత!"

లోహిత గబుక్కున బ్రేకు వేసింది. ముందు రోడ్డు అద్దంలా ఉంది.

"యాడ నాయనా?"

"నాకేం తెలుసు? వెనక కూచున్నోళ్లు చెప్పాల గదా!"