చెవితో బిగించిన వాల్వులు

నా చెవులు మందగించి ఏడాది దాటింది. వై.ఎన్.హొసకోటలో ఈ సంగతి తెలిసింది నా భార్య నేత్రావతి ఒక్కదానికే. మెకానిక్ సంజీవప్పగా నేను బతికిందే చెవి మీద. అది పోయిందని తెలిస్తే షెడ్డు గడప ఎవరు తొక్కుతారు? అందుకే నోరు కుట్టుకున్నాను.

పోయిన గురువారం రాయచెర్లు ఊరి ఓబులేశ్ తన పాత అంబాసిడర్‌తో వచ్చాడు. అతని చేలన్నీ సోలార్ పార్కు పలకల కిందికి పోయాయి. ఇప్పుడు ఈ కారులో ప్లాంటు సార్లను తిప్పుతున్నాడు. ఇంజిన్ టకటకమంటోందని, సోమవారంలోపు ఆ గోల తగ్గకపోతే వేరే బండి చూసుకుంటామని సార్లు అన్నారట.

ఇలాంటి పని నాకు మంచినీళ్ల ప్రాయం. వాల్వుకూ, దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సన్నటి సందు ఉండాలి. ఎక్కువైతే చప్పుడు, అసలు లేకపోతే వాల్వు సరిగా మూసుకోక కాలిపోతుంది. ఆ సందును గేజు రేకులతో కొలిచేవాళ్లను చూసి నలభై ఏళ్లు నవ్వాను. ఇంజిన్ నడుస్తుండగానే పొడుగు స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి, చప్పుడు అణిగీ అణగని చోట నట్టు బిగించేవాణ్ణి.

ఆ రోజూ అలాగే బిగించాను. నాకేమీ వినిపించలేదు, పని అయిందనుకున్నాను. ఓబులేశ్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. చప్పుడు ఇంకా ఉందట. నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వు గొర్రెల వెంట తిరిగేనాటికే నేను ఇంజిన్లు విప్పాను, నాకే నేర్పుతావా అని నానా మాటలూ అన్నాను. పాపం, అతను అక్కణ్ణించి కదల్లేదు. ఆ కోపంలో వాల్వుల మీది మూత మళ్లీ విప్పి, ఎనిమిది వాల్వులనూ తలా కాస్త బిగించిపారేశాను.

"ఇప్పుడు బాగుండాదన్నా," అని ఓబులేశ్ సంతోషంగా కారెక్కి వెళ్లిపోయాడు.

సందు మిగల్లేదని నాకు తెలుసు. నాలుగు రోజుల్లో వాల్వులు కాలతాయి. పాత బండి, దాని కాలం తీరిందంటే అతను నమ్ముతాడు కూడా. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యమేసింది. గుమ్మంలో నిలబడిన నేత్రావతి నన్నే చూస్తోంది. చేతిలోని గుడ్డ పారేసి పరుగెత్తాను.

బస్టాండు దగ్గర బస్సు అడ్డమొచ్చి కారు ఆగింది. డిక్కీ మీద దబదబా బాదాను. ఓబులేశ్ దిగాడు.

"బండి తిప్పప్పా. వాల్వులు చెడగొట్టినా."

చప్పుడు పోయింది కదా అన్నాడు అయోమయంగా.

"పోయిందో లేదో నాకేం తెలుసు? నా చెవులు వినపడక ఏడాదాయ."

మెల్లగానే చెప్పాననుకున్నాను. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారు.

షెడ్డులో ఇంజిన్ చల్లారేదాకా ఆగాం. నేత్రావతి ఎక్కడినుంచో తుప్పుపట్టిన గేజు వెతికి తెచ్చింది. రేకు పెట్టి ఒక్కో వాల్వూ సరిచేశాను. స్టార్టు చేశాక ఓబులేశ్ చెవి పెట్టి విని, సన్నగా టిక్కుమంటోందన్నాడు. అంతమాత్రం ఉండాలని చెప్పాను.

సార్లు అతని బండినే ఉంచుకున్నారట. ఇవాళ బుధవారం. ఓబులేశ్ వెళ్లాక నా షెడ్డుకు ఇంకో బండి రాలేదు.