అయ్యగారు జీపు ఎక్కుట

పద్మనాభానికి అడవి జంతువులంటే ప్రాణం. అయితే అరవై రెండేళ్ల జీవితంలో ఒక్కదాన్ని కూడా దగ్గర్నుంచి చూడలేదు. ఫరీదాబాద్‌లో నట్లూ బోల్టులూ చేసే ఫ్యాక్టరీని కొడుక్కి అప్పగించిన రోజున, ఇక మిగిలిన జీవితం వన్యప్రాణులకే అంకితమని ప్రకటించాడు.

“అక్కడ మన కళలు చచ్చిపోతుంటే మీరు నక్కల్ని ఉద్ధరిస్తారా?” అంది భార్య సుభాషిణి.

నెల్లాళ్లు వాదించుకుని చివరికి రెండింటికీ కలిపి ఒకే ఫౌండేషన్ పెట్టారు. మొదటి పనిగా శ్రీకాళహస్తి నుంచి కలంకారీ చిత్రకారిణి దుర్గాంబను పిలిపించారు. ఫరీదాబాద్ పక్కనే ఉన్న ఆరావళి కొండల్లోని జంతువులతో ఆవిడ పెద్ద గుడ్డ మీద బొమ్మలు వెయ్యాలి. బొమ్మ సుభాషిణిది, జంతువు పద్మనాభానిది. ఇంట్లో శాంతి.

దుర్గాంబ పన్నెండో ఏట వెదురు కలం పట్టిన మనిషి. గెస్ట్‌హౌస్‌లో కాఫీ తాగి, పద్మనాభం ఇచ్చిన చిరుతపులి ఫోటోలను మర్యాదగా తిరిగి ఇచ్చేసింది.

“దేవుళ్లను ఎవరూ చూడలేదు గాబట్టి మా తాత ఎట్ల గీసినాడో అట్లే గీస్తాం సామీ. ఇది పక్క కొండలోనే ఉండే జంతువు గదా. చూసి గీయాల.”

“చిరుత కనబడటం అంత తేలిక్కాదమ్మా.”

“కనబడిందే గీస్తా. కనబడంది గీయను.”

మర్నాడు తెల్లవారుతూనే జీపులో బయల్దేరారు. పద్మనాభం కొత్త టోపీ పెట్టుకుని, మెడలో బైనాక్యులర్ వేలాడదీసుకున్నాడు. సుభాషిణి నిద్ర పాడుచేసుకోనంది. కొండ మలుపులో నీటిగుంట దగ్గర జీపు ఆపి, డ్రైవరూ ఫారెస్టు గార్డూ అడుగుజాడలు వెతకడానికి ముందుకు వెళ్లారు. దుర్గాంబ ఒక రాయి మీద కూర్చుంది. పద్మనాభం ఆవిడకి అడవి పాఠం మొదలుపెట్టాడు.

“అన్నిటికంటే ముఖ్యం ఏంటంటేనమ్మా, భయపడకూడదు. మనం నిబ్బరంగా నిలబడితే ఎంత పెద్ద జంతువైనా సరే...”

పక్కన పొద కదిలింది. గుర్రమంత మనుబోతు ఒకటి తల బయటపెట్టి ‘బుస్’మంది. పాపం, అది గడ్డీ ఆకులూ తినే సాధు జంతువు.

తర్వాత ఏం జరిగిందో పద్మనాభానికి సరిగ్గా తెలియదు. తెలివొచ్చేసరికి జీపు టాపు మీద మోకాళ్లపై ఉన్నాడు. ఒక కాలికి బూటు లేదు. “భయ్యా! బచావో!” అని ఎవరో అరుస్తున్నారు. ఆ గొంతు తనదే. మనుబోతు ఆయన్ని కాసేపు వింతగా చూసి, రెండాకులు నమిలి, తన దారిన పోయింది. గార్డు పరుగున వచ్చి, “నీల్‌గాయ్ హై సాబ్, కుఛ్ నహీ కర్తా,” మనుబోతే, ఏమీ చెయ్యదంటూ చెయ్యందించి దింపాడు.

దుర్గాంబ నవ్వలేదు. జీపు వెనక ఎటో చూస్తూ ఊరకే కూర్చుంది. ఎంత సంస్కారం గల మనిషి, అనుకున్నాడు పద్మనాభం.

“మా ఆవిడకి చెప్పకండమ్మా.”

“నేనెందుకు చెప్తాను సామీ?”

ఇంటికొచ్చి, మనుబోతుతో కళ్లలో కళ్లు పెట్టి నిలబడ్డానని సుభాషిణికి చెప్పాడు. ఆవిడ నమ్మింది కూడా.

మూడు నెలల తర్వాత ఢిల్లీలో ప్రదర్శన. శ్రీకాళహస్తి వెళ్లి బొమ్మ పూర్తిచేసిన దుర్గాంబ, చుట్టిన గుడ్డతో ఆ ఉదయమే రైలు దిగింది. గోడకు తనే తగిలించి పైన తెర వేసింది. సాయంత్రం పెద్దమనుషులందరి ముందూ పద్మనాభం తెర లాగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నెమళ్లు, నక్కలు, ముళ్లపందులు గడిగడిలో కళకళలాడుతున్నాయి. నట్టనడిమి గడిలో జీపు. జీపు మీద టోపీ, మీసాలు, ఒకే ఒక్క బూటు. కింద ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు.

ప్రీతి అనే పత్రికా విలేకరి నోట్‌బుక్ తీసి హిందీలో అడిగింది. “సార్, ఇక్కడ ఏం రాసుంది?”

‘అయ్యగారు మనుబోతును చూచి జీపు ఎక్కుట’ అని రాసి ఉంది.

“దాత ఎత్తయిన చోటు నుంచి అడవిని పరిశీలించుట,” అన్నాడు పద్మనాభం చెమట తుడుచుకుంటూ.

తెలుగు చదవగలిగిన సుభాషిణి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి.

అప్పుడే సుధీంద్ర గుంపును తోసుకుంటూ ముందుకొచ్చాడు. ఆ కొండల్లోని చిరుతల మీద పరిశోధన చేస్తున్న కుర్రాడు. ఫౌండేషన్ సాయం కోసం వచ్చాడు. బొమ్మలో జీపు వెనక బండ మీద ఉన్న చిరుతను చూసి బిగుసుకుపోయాడు.

“సార్, దీని ఎడమ చెవి చిరిగుంది! ఈ ఆడచిరుత నా కెమెరాకి ఒక్కసారే చిక్కింది. వేటగాళ్ల భయంతో ఆ ఫోటో ఎవరికీ చూపించలేదు. బొమ్మ గీసినావిడకెలా తెలిసింది?”

చిరుత కింద కూడా ఒక వరుస ఉంది. ‘వెనుక నుండి చిరుతపులి అయ్యగారిని చూచుట.’

పద్మనాభానికి మూడు నెలల ఆలస్యంగా భయం వేసింది. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

“దుర్గాంబగారూ, నిజంగా ఉందా అక్కడ?”

“ఉండె సామీ. పది బారల దూరం. మీరు దిగినంక లేచి పోయె.”

“మరి నాకు చెప్పలేదేం?”

“మీరప్పటికే జీపు మీద ఉంటిరి. చెప్తే ఇంక యాడికెక్కుతారు?”

సుభాషిణి ఇక ఆపుకోలేకపోయింది. ఆవిణ్ణి చూసి ప్రీతి, ప్రీతిని చూసి మిగతావాళ్లు, అర్థం కాకపోయినా అందరూ నవ్వారు. పద్మనాభం ఒక్కడే నవ్వలేదు. లేచి వెళ్లి చిరుత ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా తను ప్రాణం అని చెప్పుకున్నది, ఆ పొద్దున వెనక కూర్చుని తనని చూసింది. తను చూసుకోలేదు. ప్రీతిని పిలిచి, ఇందాక తప్పు చెప్పానని, అసలు ఏం రాసుందో అక్షరం పొల్లు పోకుండా హిందీలో చెప్పాడు. తర్వాత సుధీంద్ర భుజం మీద చెయ్యేశాడు.

“నీ కాగితాలు రేపు తీసుకురా, సంతకం పెడతాను. వచ్చే నెల కొండకి వెళ్లేటప్పుడు నన్నూ తీసుకెళ్లు.”

“భయం లేదా సార్?”

“చాలా ఉంది.”

వెళ్లాడు. ఈసారి సుభాషిణి కూడా నిద్ర మానుకుని వెంట వెళ్లింది. మూడు గంటలు కూర్చున్నా చిరుత రాలేదు. కానీ ఆ మూడు గంటలూ ఆయన ఒక్క మాటా మాట్లాడలేదనీ, పెళ్లైన ముప్పై ఆరేళ్లలో అలాంటి వింత చూడలేదనీ ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.