కొసరు గుప్పెడు

పొద్దున ఆరున్నరకు పుత్తూరు బస్సు వడమాలపేటలో ఆగి కదిలేసరికి గ్రేసీ అంగడి షట్టరు సగం పైకి లేచి ఉంటుంది. మిగతా సగం తుప్పు పట్టి లేవదు. గ్రేసీ వంగి లోపలికి పోయి బియ్యం మూటల నోళ్ళు విప్పుతుంది, చెనిక్కాయ నూనె పీపా కొళాయి కింద గిన్నె పెడుతుంది, రాగిపిండి డబ్బా మూత తీసి ఒకసారి వాసన చూస్తుంది. చర్చికి ఇచ్చే పిడికెడు బియ్యం సంచిని గోడ మేకుకు తగిలిస్తుంది. వండే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి దేవుడికని పక్కన పెట్టడం వాళ్ళమ్మ నేర్పిన అలవాటు. ఆదివారం ఆ సంచి చర్చికి పోతుంది.

బయట గోడ మీద నీలం రంగుతో గ్రేసీ తన చేత్తోనే రాసుకుంది: డబ్బా మీది, సరుకు మాది. ఆ అంగట్లో కవర్లివ్వరు, ప్యాకెట్లుండవు. జనం సత్తు గిన్నెలు, స్టీలు క్యారియర్లు, పాత పాలపొడి డబ్బాలు పట్టుకుని తలలు వంచి లోపలికి వస్తారు. ఈ అంగడి తెరవకముందు ఆమె తిరుపతిలో ఒక సూపర్ మార్కెట్టు గోడౌన్లో ఎనిమిదేళ్ళు ప్యాకింగు పని చేసింది. రోజుకు ఆరేడు వందల కవర్లకు సీలు వేసేది. ఒకనాడు బస్టాపు దగ్గర ఒక ఆవు నములుతున్న కవరు మీద తను వేసిన వంకర సీలును గుర్తుపట్టింది. ఆ పూటంతా అన్నం సయించలేదు. మర్నాడు పనికి పోలేదు.

వాళ్ళ నాయన సుందరరాజు ముప్పై ఏళ్ళు అంగడి నడిపింది ఈ గదిలోనే. ఆ రోజులు తలుచుకుంటే గ్రేసీకి ముందుగా ఇంగువ వాసన వస్తుంది, తర్వాత పైకప్పు నుంచి వేలాడే పురికొస ఉండ కనిపిస్తుంది. పాత పేపరు చింపి, చుట్టి, అడుగు మడిచి పొట్లం కట్టడం ఆయనకు రెప్పపాటు పని. అమ్మ సంతోషమ్మ మూల కూర్చుని చింతపండులో గింజలు తీసేది. సరుకుకొచ్చిన పిల్లలకు బెల్లం ముక్క పెట్టి పంపేది. ఎంత బాగుండేదో అప్పుడు!

అన్నిటికన్నా మించి ఆ అంగట్లో బియ్యం కొలిచే పాత్ర, ఒక ఇత్తడి పడి, ఉండేది. మనిషికి వారానికి ఒక పడి బియ్యం లెక్క. ఏ ఇంట్లో ఎంతమంది తింటారో ఆ పడికి తెలుసు. నలుగురున్న ఇంటికి నాలుగుసార్లు నిండేది. ఐదోసారి పోస్తే బియ్యం అందులో నిలవదు, అంచు దాటి మళ్ళీ మూటలోకే జారిపోయేది. ఒకవేళ ఐదోది కూడా నిండిందంటే చుట్టాలు బయల్దేరినట్టే. ఆటో ధనంజయ ఒకసారి తన ఇంటికి ఏడు పడులు నిండడం చూసి, బావమరిది సంసారంతో సహా దిగుతున్నాడని అర్థమై, రాకెట్ చూడాలంటూ ఆ సాయంత్రమే శ్రీహరికోటకు జారుకున్నాడు. ఇందులో వింతేముందని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. కరెంటు మీటరు తిరిగినట్టే పడి కొలిచేది.

మొదటి పడిని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అంటూ సుందరరాజు పాడినట్టుగా కొలిచేవాడు. కొలత ముగిశాక ఇంకో గుప్పెడు తీసి పైన వేసేవాడు. అది కొసరు. కొసరు లేకుండా ఎవరినీ గడప దాటనిచ్చేవాడు కాదు.

పదకొండేళ్ళ కింద, సంతోషమ్మ పోయిన నెలలోనే ఆయన అంగడి మూసేశాడు. ప్యాకెట్లొచ్చి దెబ్బ కొట్టాయని ఊరంతా అనుకుంది. ఆయన కాదనలేదు. ఇల్లు అంగడి వెనకే అయినా మళ్ళీ అందులో కాలు పెట్టలేదు. గ్రేసీ మూడు నెలల కింద అంగడి తెరుస్తానంటే తాళంచెవి ఇచ్చాడు గాని పడి ఇవ్వలేదు.

"కాటా పెట్టుకో మే. పడి జోలికి మాత్రం పోవద్దు," అన్నాడు.

గ్రేసీ కరెంటు కాటా కొనుక్కుంది. ఏప్రిల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి రెండు రోజులు కరెంటు రాలేదు. శనివారం పూట అంగడి ముందు జనం డబ్బాలతో నిలబడ్డారు. కాటా మాత్రం నల్ల ముఖం వేసుకుని కూర్చుంది.

వరసలో ముందున్నది సుబ్బులమ్మ. పక్క వీధిలో ఒంటరిగా ఉంటుంది, నోరు పెద్దది. "ఎంతసేపు నిలబడేది పాపా? మీ నాయన పడి ఉండాది గదా, తేపో," అంది.

గ్రేసీ ఇంట్లోకి పోయి అడిగింది. సుందరరాజు ట్రంకుపెట్టె మీద అమ్మ చీరముక్కలో చుట్టిపెట్టిన పడిని దించి ఇచ్చాడు.

"ఊరికి కొలుసుకో. మనింటికి మాత్రం దాంతో కొలవొద్దు."

"ఏం నాయనా?"

"సెప్పిన మాట ఇను."

ఆ మధ్యాహ్నం అంగట్లో పాత రోజులు తిరిగొచ్చాయి. గ్రేసీ "లాభం" అని గొంతెత్తితే అది అచ్చం వాళ్ళ నాయన గొంతులాగే పలికింది. ముసలివాళ్ళు సరుకు తీసుకున్నాక కూడా పోకుండా గోడకు ఆనుకుని వింటూ నిలబడ్డారు. ధనంజయ తన ఇంటికి ఐదే నిండేసరికి "బతికించినావు తల్లీ" అని దండం పెట్టాడు. అందరికీ తలా ఒక గుప్పెడు కొసరు పడింది. సుబ్బులమ్మకు ఒకటే పడి.

సాయంత్రానికి అంగడి ఖాళీ అయింది. ఇంట్లో బియ్యం అయిపోయాయని గ్రేసీకి అప్పుడు గుర్తొచ్చింది. కాటా పని చేయదు. నాయన మాట గుర్తుంది గాని, ఉన్నది ఇద్దరమే, రెండు పడులే కదా అనుకుని కొలిచింది.

లాభం నిండింది.

రెండోది పోస్తే బియ్యం సర్రున జారి మూటలో పడ్డాయి. చెయ్యి తడిగా ఉందేమోనని చున్నీకి తుడుచుకుని మళ్ళీ పోసింది. మళ్ళీ జారాయి. మూడోసారీ అంతే.

వెనక వాకిట్లో సుందరరాజు నిలబడి ఉన్నాడు.

"కొలిసినావా?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "మీ అమ్మకి గూడా ఇట్నే. అప్పుడు మనం ముగ్గురం. రెండే నిండినాయి. పదిసార్లు పోసినా. మూడో దినమే పోయింది. ఇంక ఊరోళ్ళకి ఎట్ల కొలిసేది మే? ఎవురింట్లో ఎవురు పోతారో నా సేత్తో నేనే సూడాల్నా? ప్యాకెట్టుకి కండ్లుండవు. అదే మేలనుకుని మూసేసినా."

గ్రేసీ పడిని బల్ల మీద పెట్టేసింది.

"భయపడొద్దు, పోయేది నేనే, నువ్వు గాదు. నాలుగు దినాలుగా ఎదలో పట్టేసినట్టు ఉండాది."

"నాలుగు దినాలుగానా? ఏల సెప్పలేదు నాయనా?" అని ఆమె ఏడ్చేసింది.

అప్పుడే సుబ్బులమ్మ మరిచిపోయిన డబ్బా మూత కోసం తిరిగొచ్చింది. ఖాళీ పడిని చూసింది, ఇద్దరి ముఖాలు చూసింది. ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"కొసరు ఏసినారా?" అని అడిగింది.

"మనింటికి మనమే కొసరు ఎట్ల ఏసుకుంటాం పెద్దమ్మా?"

"సంతోషమ్మకి ఏసినావా సుందరన్నా?"

"అంగడోడు సొంతింటికి కొసరు ఏసుకుంటాడా? ఊరు నవ్వదా?"

సుబ్బులమ్మ తల అడ్డంగా ఊపింది. "అన్నా, ఒకసారి మా ఇంటికి నాలుగు నిండాల్సింది మూడే నిండినాయి. గుర్తుండాదా? నువ్వు ఏం మాట్లాడకుండా గుప్పెడుకి రెండు గుప్పిళ్ళు ఏసినావు. ఆ వారమే పూతలపట్టు కాడ మా ఆయన్ని లారీ గుద్దింది. పంచె దులుపుకోని లేసొచ్చినాడు. నీ అంగడి మూసినాక మేమూ ప్యాకెట్లే కొన్యాం. రెండేండ్లు నిలవలేదు మనిషి. ప్యాకెట్లో కొసరు యాడుంటాది?"

సుందరరాజు వెనక వాకిలి గడప మీదే కూలబడ్డాడు. అది ఆయనకు గుర్తుంది. లారీవాడు బ్రేకు వేసి ఉంటాడని ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

సుబ్బులమ్మ చీర కొంగు దోపుకుని బల్ల ఇవతలికి వచ్చింది. "జరుగు పాపా. ఈ పొద్దు అంగడి నాది, కొనేటోళ్ళు మీరు." మూటలో చెయ్యి పెట్టి నిండుగా ఒక గుప్పెడు తీసి ఖాళీ పడి అడుగున వేసింది. ఆ గుప్పెడు కదల్లేదు. దాని మీద బియ్యం పోసింది. అంచు దాకా వచ్చాయి, గోపురంగా నిలిచాయి, ఒక్క గింజ జారలేదు.

"రెండు," అంది సుబ్బులమ్మ. తన మూత తీసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున, పదకొండేళ్ళ తర్వాత, సుందరరాజు షట్టరు కింద తల వంచి అంగట్లోకి వచ్చాడు. గ్రేసీ శనివారం రాత్రి నుంచీ ఆస్పత్రికి బయల్దేరమని పోరుతోంది. "పోదాంలే. ముందు ఒక నలుగురికి కొసరు ఏసొస్తా. నువ్వు కొలువు," అన్నాడు. మూడో మనిషికి వేయబోతూ ఉండగా గుప్పిట దానంతటదే విడిపోయింది. బియ్యం నేలంతా చెదిరాయి. నూనె కోసం వరసలో ఉన్న ధనంజయ క్యాను పడేసి ఆయన్ని ఎత్తుకున్నాడు. ఆటో అరగంటలో తిరుపతి చేరింది. ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే చేసేదేమీ ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. వెనకింట్లో ఒక్కడే మంచం మీద ఉండి ఉంటే మధ్యాహ్నం అన్నం వేళ దాకా ఎవరూ చూసేవారు కాదు.

మూడు వారాల తర్వాత అంగట్లో ఆయనకొక స్టూలు పడింది. గ్రేసీ కొలుస్తుంది, ఆయన కొసరు వేస్తాడు. వేరే పని ముట్టనివ్వదు. శనివారం అందరికన్నా చివర వచ్చినవాళ్ళు బల్ల ఇవతలికి వచ్చి ఆ ఇంటికి కొలిచి పోవాలి. అది ఇప్పుడు అంగడి రివాజు. సుబ్బులమ్మ కావాలనే చివర వస్తుంది.

మొన్న శనివారం కూడా ఆమే కొలిచింది. లాభం, రెండు. కొసరు వేసి వెళ్ళిపోయింది. సుందరరాజు స్టూలు మీంచి లేచి మూటలో చెయ్యి పెట్టి ఇంకో గుప్పెడు తీశాడు. దాన్ని ఎక్కడ వేయాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"అది ఎవురికి నాయనా?"

"మీ అమ్మకి," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ పొద్దు ఏసుండాల్సింది మే. ఊరంతటికీ ఏసినా గదా."

గ్రేసీ మేకుకున్న చర్చి సంచి తెచ్చి, రెండు చేతులతో దాని నోరు తెరిచి పట్టుకుంది.