మరక లేని జెర్సీ

బంతిగాడి కాళ్లు పదకొండు వారాలుగా టీవీలో కనిపిస్తున్నాయి. ముఖం మాత్రం ఒక్కసారీ కనిపించలేదు. ఫుట్‌బాల్ పిచ్చి పట్టిన ఓ కూలివాళ్ల కుర్రాడి మీద నవ్వుల సీరియల్ తీస్తున్నారు. అందులో హీరోకి నవ్వించడం వచ్చు, ఏడిపించడం వచ్చు, బంతి తన్నడం మాత్రం చచ్చినా రాదు. అందుకని తన్నే చోటల్లా పేట మైదానంలో దొరికిన మనవాడి కాళ్లు చూపించి పని గడుపుకునేవారు.

వాడి తండ్రిది ఆసుపత్రి లాండ్రీలో పని. పంతొమ్మిదేళ్ల సర్వీసు. నెత్తురు మరకైనా సరే, ఆయన చేతిలో పడితే ఆనవాలు లేకుండా పోవాల్సిందే. కొడుకు ఆట మాత్రం ఏనాడూ చూడలేదు. మ్యాచ్‌లుండే ఆదివారాల్లోనే ఉతకాల్సిన దుప్పట్లూ ఎక్కువ. ఆ సంగతి ఆయన్ని లోలోపల తినేస్తుండేది.

ఒక సాయంత్రం వాడు ఎగురుకుంటూ వచ్చాడు. "అమ్మా, రేపు నా ముఖం తీస్తారు! ఇవాళ బురదలో పడటం అయిపోయింది. రేపు లేచి, వెనక్కి తిరిగి ఒక మాట చెప్పాలి."

"ముందు ఇటు తిరిగి అన్నం తినరా. ఇక్కడా చూసేవాళ్లం ఉన్నాం" అంది తల్లి.

ఆ బురద జెర్సీ షూటింగ్‌లోనే వదిలి రావాలి. తండ్రికి చూపించాలన్న ఆత్రంతో వాడు కోటు కింద దాచి తెచ్చేశాడు. ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి దాన్ని కుర్చీకి తగిలించి నిద్రపోయాడు.

కొడుకు ముఖం తీస్తారన్న సంగతి రాత్రే భార్య చెప్పింది. తెల్లవారుజామున లేచిన తండ్రి దాన్ని చూశాడు. ముఖం టీవీలో పడబోయే పిల్లాడు ఇంత మురికి బట్ట వేసుకోవడమా? ముందు చన్నీళ్లలో నానబెట్టాడు. సబ్బు పట్టించి మెత్తటి బ్రష్షుతో కుట్టు కుట్టూ తోమాడు. ఇస్త్రీపెట్టెతోనే తడి ఆర్చి, జెర్సీ చేతులకు మడత నిలబెట్టి, కాగితంలో చుట్టాడు. ఆ రోజు తోటివాడితో డ్యూటీ మార్చుకుని కొడుకు వెంట తనూ బయలుదేరాడు.

షూటింగ్‌లో బట్టలు చూసుకునే అమ్మాయి పొట్లం విప్పి కొయ్యబారిపోయింది. నిన్న పడిన ప్రతి మరకకూ ఆమె దగ్గర ఫొటో ఉంది. ఎక్కడి బురద అక్కడే ఉండాలి, లేకపోతే నిన్న తీసిన ముక్కా ఇవాళ తీసే ముక్కా అతకవు.

"తెలియక నేనే ఉతికానండి" అన్నాడు బంతిగాడు.

తండ్రి ముందుకొచ్చాడు. "అబద్ధమండి. ఉతికింది నేను. కావాలంటే వెలుతురులో పట్టి చూడండి, ఒక్క మరక ఉండదు."

అందరూ పగలబడి నవ్వారు. మళ్లీ బురద పూశారు, కుదరలేదు. మైదానం మధ్యాహ్నం వరకే వాళ్లది. చివరికి ఆ మాట జట్టులో ఇంకో కుర్రాడి చేత చెప్పించారు. బంతిగాడి ముఖం తీయాల్సిన పని లేకపోయింది.

"బాబాయ్, భలే పని చేశావు! ఇది సీరియల్లో పెట్టేస్తా" అన్నాడు డైరెక్టర్, కాగితం మీద రాసుకుంటూ. ఆయన మాటలో ఎగతాళి లేదు, నిజంగానే ముచ్చటపడ్డాడు. తండ్రికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటికి నడుస్తున్నంతసేపూ కొడుకు పల్లెత్తు మాట అనలేదు. ఒక్క మాట తిట్టినా కాస్త తెరిపిగా ఉండేదనిపించింది ఆయనకి.

మూడు వారాలకు ఆ సీన్ వచ్చింది. పక్కింటివాళ్లంతా వీళ్ల గదిలోనే చేరారు. టీవీలో పొట్టమీద సబ్బు నురగతో ఒక తండ్రి ఎగిరెగిరి జెర్సీ ఉతుకుతున్నాడు. హీరో జుట్టు పీక్కుంటూ అరిచాడు. "నిన్నెవరు ఉతకమన్నారయ్యా? నా బతుకంతా ఉతికేశావు!"

గది గదంతా నవ్వింది. తల్లి కూడా నవ్వబోయి, భర్తను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అందరూ వెళ్లాక తండ్రి అడిగాడు. "నీకూ అలాగే అనాలనిపించిందా?"

బంతిగాడు నేల చూస్తూ అన్నాడు. "అనిపించింది నాన్నా."

"మరి అనలేదేం?"

"అక్కడ అందరూ నవ్వుతున్నారుగా నాన్నా. నేనూ అంటే నీ వైపు ఎవరుంటారు?"

తండ్రి వాడి ముఖం వైపే చూస్తూ ఉండిపోయాడు.