తుడుచుకున్న దీవెన

ప్రసూన కెన్యా నుంచి తిరిగొచ్చి ఇరవై రోజులైంది. గార్లదిన్నె చర్చిలో ఈ ఆదివారం ఆమె సాక్ష్యం చెప్పాలి. ఎడారిలో ఒంటెలు కాసుకునే రెండిలే అనే తెగ జనం దగ్గరికి సువార్త మోసుకుపోయిన మన ఊరి బిడ్డ కదా, వినడానికి అందరూ సిద్ధం. చెప్పడానికి ఆమెకే నోరు పెగలడం లేదు.

జరిగింది ఇంతే. మూడు వారాలు తన గుడిసెలో పెట్టుకుని ఒంటెపాలు తాగించిన అవ్వ, బయల్దేరే రోజు దగ్గరికొచ్చింది. అరచేతిలో సన్నగా ఉమ్మి, ఆ తడి ప్రసూన నుదుటికి రాసింది. అది వాళ్ల దీవెన. ఆ సంగతి ప్రసూనకు తెలుసు, పోయేముందే చెప్పి పంపారు. అయినా చెయ్యి ఊరుకుందా? టక్కున కర్చీఫు తీసి తుడిచేసింది. అవ్వ చూసింది. జీపు కదిలిపోయింది.

అప్పటినుంచీ చెనక్కాయ చేలో కలుపు తీస్తున్నా అవ్వే, అన్నం ముందు కూర్చున్నా అవ్వే. ఒక్కసారి పోయి ఆమె ముందు తల వంచాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

ఉండబట్టలేక మేనత్త బయమ్మతో చెప్పుకుంది. బయమ్మ చర్చి గడప తొక్కే మనిషి కాదు. వీధిలో ఏ బిడ్డ ఏడ్చినా ఉప్పు తిప్పి "తూ తూ" అని దిష్టి తీసేది ఆమే.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! పెద్దామె దీవిస్తే తుడుచుకుంటివా? చిన్నప్పుడు నేను తూ అనకుండా ఒక్క పొద్దన్నా నిద్రపోయినావా నువ్వు?"

"తప్పయిపోయిందత్తా."

"నాకెందుకు చెప్తాండావు? ఆమెకు చెప్పు. ఆడ ఫోన్లు లేవా?"

ఫోను అక్కడి బడి టీచరమ్మ దగ్గరుంది. సిగ్నలు దొరకాలంటే గుట్ట ఎక్కాలి. శనివారం అవ్వను గుట్ట మీదికి తీసుకురండి, క్షమించమని అడగాలని ప్రసూన మెసేజి పెట్టింది. శనివారం మధ్యాహ్నం ఫోను మోగింది. టీచరమ్మ ఒక్కతే ఉంది.

మేత అయిపోయిందట. ఆడవాళ్లు గుడిసెలు విప్పి ఒంటెల మీద కట్టుకుని, అందరూ వారం కిందటే వెళ్లిపోయారట. ఎక్కడ ఆగుతారో వాళ్లకే తెలియదట.

"పోయేముందు అవ్వ నన్నొక మాట అడిగింది," అంది టీచరమ్మ. "ఆ పిల్లకు నేనేం తప్పు చేశానని."

ప్రసూన అరుగు మీద కూలబడి బావురుమంది. బయమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మేనకోడలి తల రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద "తూ తూ" అంది. నిజంగానే తడి తగిలింది.

"తుడుచుకుంటావా?"

ప్రసూన తల అడ్డంగా ఊపింది. కానీ ఆమెకు కావలసింది ఈ తడి కాదు, ఆ తడి. అది ఏ ఎండలో ఎటు నడిచిపోతోందో!

ఆదివారం పాస్టరు మైకు అందించాడు. అక్కడ ఎంతమంది యేసును నమ్ముకుని రక్షణ పొందారో చెబుతుందని జనం ఎదురుచూస్తున్నారు.

"నన్ను ఆడ ఒక అవ్వ దీవించింది," అంది ప్రసూన. "నేను తుడుచుకున్నా."